భాగం 9: లెక్కకు వచ్చినవారు, రానివారు – దేశ విభజన కాలంలో నిర్వాసితుల కదలికల నమోదు (1947–1971)

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ఉపోద్ఘాతం
9.2 పదాలు, నిర్వచనాలు
9.3 దారిలో లెక్క: పంజాబ్, 1947
9.4 శిబిరంలో లెక్క
9.5 భూమి దావాల లెక్క: జలంధర్
9.6 అపహరణకు గురైన స్త్రీల జాబితాలు
9.7 తేదీల గీత: పర్మిట్లు, పౌరసత్వం, బెంగాల్
9.8 1951 జనగణన: అంకె ఏం చెబుతుంది?
9.9 నేటి పద్ధతులు
9.10 సారాంశం
9.11 కీలక పదాలు
9.12 ప్రగతి పరీక్ష ప్రశ్నలకు సమాధానాలు
9.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• 1947–71 మధ్య నిర్వాసితుల కదలికలను ప్రభుత్వాలు ఏయే పద్ధతుల్లో నమోదు చేశాయో వివరించగలుగుతారు.
• దారి లెక్కకు, శిబిరం లెక్కకు, జనగణన లెక్కకు మధ్య తేడాను చెప్పగలుగుతారు.
• నమోదు కావడానికి, తిండి, భూమి, పౌరసత్వం వంటి హక్కులకు ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.
• నిర్వాసితుల గురించిన ఏ అంకెనైనా చరిత్ర విద్యార్థిగా పరిశీలించగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

భారతదేశ విభజన గురించి చదివేటప్పుడు, ఎంతమంది సరిహద్దు దాటారన్న విషయంలో ఒక్కో పుస్తకంలో ఒక్కో అంకె మీకు కనిపిస్తుంది. కొందరు కోటి అంటారు, కొందరు కోటీ ఇరవై లక్షలు అంటారు, మరికొందరు కోటిన్నరకు దగ్గరగా చెబుతారు. వీటిలో పరీక్షలో ఏది రాయాలి అన్న సందేహం రావడం సహజం. అయితే దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఇళ్లు వదిలి, దాడులకు భయపడి, రోడ్డు మీద నడుస్తున్న జనాన్ని అసలు ఎవరు, ఎక్కడ నిలబడి, ఎలా లెక్కపెట్టారు?

సాధారణ కాలంలో ప్రభుత్వం జనాన్ని ఇంటి దగ్గర లెక్కిస్తుంది. గ్రామం, ఇంటి నంబరు, కుటుంబ యజమాని పేరు ఉంటాయి. సంఘర్షణ జరిగే ప్రాంతంలో ఇవేవీ నిలకడగా ఉండవు. నిన్న శిబిరంలో ఉన్న కుటుంబం నేడు బంధువుల ఇంట్లో ఉంటుంది. భార్య ఒక రైలులో, భర్త ఇంకో రైలులో చేరి ఉంటారు. ఒకే మనిషి రెండుచోట్ల లెక్కకు రావచ్చు, ఎక్కడా రాకపోనూవచ్చు. అందువల్ల నిర్వాసితుల కదలికలకు ఒకే లెక్క ఉండదు. లెక్కించిన చోటును బట్టి, లెక్కించిన అవసరాన్ని బట్టి పలు లెక్కలు ఉంటాయి.

ఈ భాగంలో అలాంటి లెక్కలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. ప్రతి లెక్క దగ్గరా రెండు విషయాలు గమనించండి. ఆ పుస్తకంలో పేరు ఎక్కినవారికి ఏం దక్కింది? పేరు ఎక్కనివారు ఎవరు?

9.2 పదాలు, నిర్వచనాలు

ఇల్లు విడిచి వెళ్లవలసి వచ్చినవారికి తెలుగులో చాలా పదాలున్నాయి. ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలుగా కనిపించినా, ఒక్కో పదం ఒక్కో విషయాన్ని ముందుకు తెస్తుంది.

కాందిశీకులు: 'ఏ దిక్కుకు పోవాలి' అని తోచక పరుగెత్తేవారు అని ఈ సంస్కృత పదానికి సంప్రదాయ వ్యుత్పత్తి. విభజన కాలం నాటి తెలుగు పత్రికలు ఎక్కువగా వాడిన పదం ఇదే. తెలుగువారికి ఈ పదం అంతకు ముందే తెలుసు. 1942లో జపాన్ దాడి వల్ల బర్మా నుంచి తిరిగివచ్చిన తెలుగువారిని, 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వ కాలంలో వచ్చినవారిని బర్మా కాందిశీకులు అనేవారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట పేరు ఆ చరిత్రకు గుర్తుగా ఇప్పటికీ ఉంది.

శరణార్థులు: ఆశ్రయం కోరి వచ్చినవారు. అంతర్జాతీయ చట్టంలో, హింసకు గురవుతామన్న భయంతో స్వదేశం సరిహద్దు దాటినవారిని ఈ పేరుతో పిలుస్తారు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి శరణార్థుల ఒప్పందం దీన్ని నిర్వచించింది. ఆ ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు.

నిర్వాసితులు: నివాసం కోల్పోయినవారు. సరిహద్దు దాటారా లేదా అన్నదానితో ఈ పదానికి సంబంధం లేదు. ప్రాజెక్టు కింద ఊరు మునిగినవారికి కూడా మనం ఇదే పదం వాడతాం. ఈ భాగంలో మేము ప్రధానంగా ఈ పదాన్నే వాడాము.

1947లో ఒక చిక్కు ఏర్పడింది. లాహోర్ నుంచి అమృత్‌సర్‌కు బయలుదేరిన మనిషి జులైలో బయలుదేరితే ఒకే దేశంలో ఒక జిల్లా నుంచి పక్క జిల్లాకు వెళ్లినట్టు. సెప్టెంబరులో బయలుదేరితే ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లినట్టు. దూరం మాత్రం అదే, సుమారు 50 కిలోమీటర్లు. సరిహద్దు ఎక్కడుందో తెలిపే రాడ్‌క్లిఫ్ నిర్ణయం స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజుల తరువాత, ఆగస్టు 17న వెలువడింది. అంటే చాలామంది కదలడం మొదలుపెట్టిన నాటికి వారు దాటవలసిన గీత ఇంకా ప్రకటించలేదు.

9.3 దారిలో లెక్క: పంజాబ్, 1947

పంజాబ్‌లో హింస 1947 మార్చిలో రావల్పిండి ప్రాంతంలో పెద్దఎత్తున మొదలైంది. ఆగస్టు నాటికి రెండువైపులా వ్యాపించింది. శాంతి కాపాడటానికి ఆగస్టు 1న ఏర్పాటైన పంజాబ్ సరిహద్దు దళం పరిస్థితిని అదుపు చేయలేకపోయింది. నెల తిరిగేసరికి దాన్ని రద్దు చేశారు. మొదట్లో రెండు ప్రభుత్వాలూ జనాభా మార్పిడిని కోరలేదు. ఎవరి ఊళ్లో వాళ్లు ఉండాలనే చెప్పాయి. సెప్టెంబరు వచ్చేసరికి పంజాబ్‌లో అది సాధ్యం కాదని ఒప్పుకుని, తరలింపును క్రమబద్ధం చేసే పనిలో పడ్డాయి. ఇందుకోసం రెండు దేశాలూ సైనిక తరలింపు సంస్థలను ఏర్పాటు చేశాయి. భారత ప్రభుత్వంలో సహాయ పునరావాస మంత్రిత్వశాఖ ఏర్పడింది. కె.సి. నియోగి దాని మొదటి మంత్రి.

జనం మూడు రకాలుగా కదిలారు.

(ఎ) కాలినడక బారులు: ఎడ్లబండ్లు, పశువులు, ముసలివారు, పిల్లలతో గ్రామాలకు గ్రామాలే బారుగా నడిచాయి. లాయల్‌పూర్ నుంచి బయలుదేరిన ఒక బారులో సుమారు 4 లక్షల మంది ఉన్నారని అంచనా. బల్లోకి, సులేమాంకి వంటి ఆనకట్టల వంతెనల మీదుగా ఈ బారులు నదులు దాటాయి. భారత ప్రభుత్వ నివేదిక ప్రకారం సెప్టెంబరు 18 నుంచి అక్టోబరు 29 వరకు 42 రోజుల్లో 24 ముస్లిమేతర బారుల్లో 8,49,000 మంది భారతదేశంలోకి వచ్చారు. ఎదురు దిక్కున ముస్లింల బారులు పశ్చిమానికి సాగాయి. సెప్టెంబరు చివరలో వచ్చిన వరదలు రెండువైపుల వారినీ దెబ్బతీశాయి.

(బి) రైళ్లు: ఆగస్టు 27 నుంచి నవంబరు 6 వరకు 673 శరణార్థి రైళ్లు నడిచాయి. వీటిలో 23 లక్షల మందికి పైగా ప్రయాణించారని అదే నివేదిక చెబుతుంది. వారిలో 13,62,000 మంది ముస్లిమేతరులు, 9,39,000 మంది ముస్లింలు.

(సి) లారీలు, విమానాలు: సైనిక లారీలు దూరపు గ్రామాల్లో చిక్కుకున్నవారిని తెచ్చాయి. విమానం ఎక్కగలిగినవారు చాలా కొద్దిమంది.

ఈ అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి? వంతెన దగ్గర, స్టేషన్ దగ్గర వేసిన లెక్క 'ప్రవాహం' లెక్క. ఇంత కాలంలో ఈ చోటును ఇంతమంది దాటారు అని మాత్రమే అది చెబుతుంది. పెట్టెల పైకప్పుల మీద, మెట్ల మీద వేలాడే జనాన్ని టికెట్లతో లెక్కించలేరు కాబట్టి రైలు అంకె కూడా ఒక అంచనాయే. రైలు బయలుదేరేటప్పుడు ఉన్నవారందరూ దిగేటప్పుడు లేకపోవచ్చు. దారిలో దాడులకు గురైన రైళ్లు రెండువైపులా ఉన్నాయి. సైన్యం కాపలా లేకుండా రాత్రిపూట పొలాల గుండా దాటినవారు, సైనిక సంస్థ ఏర్పడకముందే వచ్చినవారు ఈ లెక్కలో లేరు.

అయినా ఈ లెక్కకు అప్పట్లో ప్రాణం నిలిపేంత విలువ ఉండేది. ఏ తాలూకాలో ఇంకా ఎంతమంది చిక్కుకుని ఉన్నారో తెలిస్తేనే లారీలు పంపగలరు. రెండు పంజాబులూ అవతలి జిల్లాల్లో సంధాన అధికారులను నియమించాయి. ఫలానా గ్రామంలో ఇంకా ఇన్ని కుటుంబాలు మిగిలాయి, వెంటనే రక్షణ కావాలి అని వారు పంపిన నివేదికలు నేడు చరిత్రకారులకు ముఖ్యమైన ఆధారాలు. మొత్తాల పట్టికలో కనిపించని చిన్న గుంపులు ఈ నివేదికల్లో ఊరి పేరుతో సహా కనిపిస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని రెండు మూడు వాక్యాల్లో రాసి, 9.12లో ఇచ్చిన సమాధానంతో పోల్చుకోండి.
1. రాడ్‌క్లిఫ్ నిర్ణయం ఏ రోజున వెలువడింది? దాని ప్రాముఖ్యం ఏమిటి?
2. 'ప్రవాహం' లెక్కకు ఉన్న పరిమితులు రెండు చెప్పండి.

9.4 శిబిరంలో లెక్క

సరిహద్దు దాటినవారిలో ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు శిబిరాలకు చేరారు. తూర్పు పంజాబ్‌లోని కురుక్షేత్ర శిబిరం వీటిలో పెద్దది. లక్ష మంది కోసం అనుకున్న ఆ శిబిరంలో సుమారు 3 లక్షల మంది చేరారు. గుడారం, రేషన్, దుప్పటి ఇవ్వాలంటే పేరు రాసుకోవాలి. ఈ విధంగా శిబిరం రేషన్ పుస్తకమే నిర్వాసితుల చిట్టా అయింది.

ఇది దారి లెక్కకు భిన్నమైనది. ఫలానా రోజున ఇక్కడ ఇంతమంది ఉన్నారు అని చెబుతుంది కాబట్టి దీన్ని 'నిల్వ' లెక్క అంటారు. చెరువులోకి కాలువ ద్వారా ఎంత నీరు వచ్చిందన్నది ప్రవాహం. ఈ రోజు చెరువులో ఎంత నీరుందన్నది నిల్వ. ఈ రెండింటినీ కలిపి కూడితే తప్పు అంకె వస్తుంది. రైలు దిగి శిబిరంలో చేరిన మనిషిని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది.

శిబిరం లెక్కకు మరో పరిమితి కూడా ఉంది. బంధువుల ఇళ్లలో, గుళ్లలో, గురుద్వారాల్లో, ఖాళీ ఇళ్లలో తలదాచుకున్నవారు ఇందులోకి రారు. ఢిల్లీకి సుమారు 5 లక్షల మంది శరణార్థులు వచ్చారు. వారిలో చాలామంది శిబిరాల బయట, ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఉన్నారు. అదే సమయంలో ఢిల్లీ ముస్లింలు సొంత నగరంలోనే నిర్వాసితులై పురానా ఖిల్లా, హుమాయూన్ సమాధి ఆవరణల్లో చేరారు. వారిలో ఎవరు పాకిస్తాన్ వెళ్లదలచుకున్నారు, ఎవరు తమ పేటకు తిరిగి పోదామని ఎదురుచూస్తున్నారు అన్నది శిబిరంలో తలలు లెక్కించినంత మాత్రాన తెలియదు. మేవాత్ ప్రాంతంలోని మేవ్ ముస్లింలు కూడా ఇదే స్థితిలో ఉన్నారు. 1947 డిసెంబరు 19న గాంధీజీ ఘసేరా గ్రామానికి వెళ్లి, వారు దేశం విడిచి పోనక్కరలేదని చెప్పారు.

తప్పిపోయినవారి విషయంలో రేడియో తోడ్పడింది. బంధువులను వెతుక్కునేవారి సందేశాలను ఆలిండియా రేడియో ప్రసారం చేసింది. మొత్తం ఎంతమంది అన్న లెక్కతో ప్రభుత్వానికి పని ఉంటుంది. తల్లికి కావలసింది మాత్రం ఒక్క పేరు. నమోదు ఈ రెండు అవసరాలూ తీర్చాలి.

9.5 భూమి దావాల లెక్క: జలంధర్

నిర్వాసితుల నమోదులో అతి వివరమైనది భూమి కోసం జరిగింది. పశ్చిమ పంజాబ్‌లో హిందువులు, సిక్కులు వదిలివచ్చిన భూమి సుమారు 67 లక్షల ఎకరాలు. తూర్పు పంజాబ్‌లో ముస్లింలు వదిలివెళ్లినది సుమారు 47 లక్షల ఎకరాలు. పైగా పశ్చిమాన ఉన్నది ఎక్కువ భాగం కాలువ కింద సాగయ్యే మంచి భూమి. వచ్చినవారికి పోగొట్టుకున్నంత ఇవ్వడం సాధ్యం కాదని మొదటి రోజునే తేలింది.

ముందుగా, పంట ఆగిపోకుండా కుటుంబానికి సుమారు 10 ఎకరాల చొప్పున తాత్కాలికంగా ఇచ్చారు. ఆ తరువాత 1948 మార్చిలో శాశ్వత కేటాయింపు కోసం దావాలు వేయమన్నారు. నెల రోజుల్లో 5 లక్షలకు పైగా దావాలు వచ్చాయి. కాగితాలు పోగొట్టుకుని వచ్చినవారు చెప్పింది నిజమో కాదో ఎలా తేల్చాలి?

జలంధర్‌లోని పునరావాస కార్యాలయం ఇందుకు రెండు మార్గాలు అనుసరించింది. మొదటిది, ఒకే గ్రామం నుంచి వచ్చినవారిని ఒకచోట సమావేశపరచడం. అధికారి ఒక్కొక్క దావాను పైకి చదివేవాడు. విన్న ఊరివాళ్లు అవునని గానీ, కాదని గానీ, ఇంత ఉండేదని గానీ చెప్పేవారు. ఎక్కువ చేసి చెప్పినవారికి భూమిలో కోత పడేది, కొందరికి శిక్ష కూడా పడింది. రెండోది, రెండు పంజాబుల మధ్య రెవెన్యూ రికార్డులను ఇచ్చిపుచ్చుకుని దావాలను సరిచూడటం. ఊరు చెల్లాచెదురైనా ఊరి జ్ఞాపకం రికార్డుగా పనిచేసిందని దీన్ని బట్టి గ్రహించవచ్చు.

పునరావాస డైరెక్టర్ జనరల్ తర్లోక్ సింగ్ 'ప్రామాణిక ఎకరం' అనే కొలతను ప్రవేశపెట్టారు. భూమి విస్తీర్ణాన్ని బట్టి కాక దిగుబడిని బట్టి దాన్ని లెక్కించారు. కాలువ కింది భూమి ఒక ఎకరం ఒక ప్రామాణిక ఎకరంతో సమానమైతే, నీటి వసతి లేని భూమి నాలుగు ఎకరాలు ఒక ప్రామాణిక ఎకరానికి సరిపోయేది. కొరతను పంచడానికి అంచెలవారీ కోత విధించారు. మొదటి 10 ఎకరాలకు 25 శాతం కోత పడితే, 500 ఎకరాలు దాటిన భాగానికి 95 శాతం పడింది. 1949 నవంబరు నాటికి సుమారు 2.5 లక్షల కేటాయింపులు జరిగాయి. పెద్ద భూస్వాముల భూమి ఎక్కువగా తగ్గడం ఈ పద్ధతి వల్ల కలిగిన ముఖ్య ఫలితం.

అయితే దావా వేయాలంటే పోగొట్టుకున్న భూమి దావాదారు పేరున ఉండాలి. 1900 నాటి పంజాబ్ భూమి అన్యాక్రాంత చట్టం 'వ్యవసాయ తెగలు' అని ప్రకటించిన కులాల భూమిని ఇతరులు కొనకుండా ఆంక్షలు పెట్టింది. దళితులు సాధారణంగా ఆ జాబితాలో లేరు. తరతరాలుగా ఆ భూమిని దున్నినా, వారి పేరున పట్టా ఉండే అవకాశం చాలా తక్కువ. కాబట్టి అదే దారిన, అదే బారులో నడిచివచ్చిన దళిత కూలీకి ఈ పుస్తకంలో రాయించుకోవడానికి ఏమీ లేకపోయింది. పాత అసమానత కొత్త చిట్టాలోకి ఈ విధంగా చేరింది.

9.6 అపహరణకు గురైన స్త్రీల జాబితాలు

విభజన హింసలో వేలాది స్త్రీలను రెండువైపులా ఎత్తుకుపోయారు. భారత ప్రభుత్వ అంచనా ప్రకారం భారతదేశంలో ఉండిపోయిన ముస్లిం స్త్రీలు 50,000, పాకిస్తాన్‌లో ఉండిపోయిన హిందూ, సిక్కు స్త్రీలు 33,000. వీరిని వెతికి అప్పగించాలని రెండు దేశాలూ 1947 డిసెంబరులో ఒప్పందం చేసుకున్నాయి. బంధువుల ఫిర్యాదుల ఆధారంగా జాబితాలు తయారయ్యాయి. మృదులా సారాభాయ్, రామేశ్వరీ నెహ్రూ, కమలాబెన్ పటేల్ వంటివారు ఈ పనిలో పాల్గొన్నారు.

1949లో దీనికోసం భారతదేశం ఒక చట్టం చేసింది. 1947 మార్చి 1 నుంచి 1949 జనవరి 1 లోపు కుటుంబం నుంచి విడిపోయి, ఇతరుల ఇంట్లో ఉన్న ముస్లిం స్త్రీ ఏ వయసువారైనా 'అపహృత వ్యక్తి' అని ఈ చట్టం చెప్పింది. ఆమె ఇష్టంతో నిమిత్తం లేదు. కొందరు అప్పటికే పెళ్లాడి, పిల్లలను కన్నారు. కొందరు తిరిగి వెళితే కన్నవారు ఆదరించరని భయపడ్డారు. మరికొందరు ఆ చెర నుంచి విముక్తి కోసమే ఎదురుచూశారు. చట్టం దృష్టిలో అందరూ ఒకటే. ఎనిమిదేళ్లలో రెండువైపులా కలిపి సుమారు 30,000 మందిని స్వాధీనం చేసుకుని అప్పగించారు.

రీతూ మీనన్, కమలా భాసిన్, ఊర్వశీ బుటాలియా 1990లలో చేసిన పరిశోధనలు ఈ విషయాన్ని చర్చలోకి తెచ్చాయి. జీవించి ఉన్న స్త్రీలతో మాట్లాడి, జాబితాలో పేరున్నా గొంతు వినిపించని స్థితిని వారు వెలుగులోకి తెచ్చారు. నమోదు కావడం ప్రతిసారీ మేలే చేస్తుందని అనుకోకూడదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3. ప్రామాణిక ఎకరం అంటే ఏమిటి?
4. భూమి దావాల పద్ధతిలో దళిత నిర్వాసితులకు ఎందుకు చోటు దొరకలేదు?

9.7 తేదీల గీత: పర్మిట్లు, పౌరసత్వం, బెంగాల్

1948 నాటికి పాకిస్తాన్ వెళ్లిన ముస్లింలు కొందరు తమ ఇళ్లకు తిరిగి రాసాగారు. ఆ ఇళ్లలో అప్పటికే శరణార్థులు ఉన్నారు. భారత ప్రభుత్వం 1948 జులై 19న ఆర్డినెన్సు ద్వారా పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవారికి పర్మిట్ పద్ధతి ప్రవేశపెట్టింది. ఈ తేదీయే తరువాత రాజ్యాంగంలోకి వచ్చింది. 6వ అధికరణం ప్రకారం, నిర్ణీత అర్హతలున్న వలసదారు ఆ తేదీకి ముందు వచ్చి ఇక్కడే నివసిస్తుంటే పౌరుడవుతాడు. తరువాత వస్తే దరఖాస్తు చేసుకుని నమోదు కావాలి. 7వ అధికరణం 1947 మార్చి 1 తరువాత పాకిస్తాన్‌కు వలస వెళ్లినవారిని పౌరసత్వం నుంచి మినహాయించింది. శాశ్వతంగా తిరిగివచ్చేందుకు పర్మిట్ పొందినవారికి మాత్రమే వెసులుబాటు ఇచ్చింది. ఒక మనిషి ఏ రోజున ఏ దిక్కుకు కదిలాడన్నది అతని పౌరసత్వాన్ని తేల్చే విషయమైంది.

బెంగాల్ పరిస్థితి వేరు. పంజాబ్‌లో జనం చాలావరకు కొన్ని నెలల్లో కదిలారు. బెంగాల్‌లో ఆ ప్రవాహం పాతికేళ్లు సాగింది. 1946 అక్టోబరులో నౌఖాలీ అల్లర్లు, 1950లో తూర్పు పాకిస్తాన్ అల్లర్లు, 1952 అక్టోబరులో పాస్‌పోర్టులు వస్తున్నాయన్న భయం, 1964 అల్లర్లు – ప్రతి సంఘటనా ఒక కొత్త అలను తెచ్చింది. 1950 ఏప్రిల్ 8న కుదిరిన నెహ్రూ–లియాఖత్ ఒప్పందం వచ్చినవారు తిరిగి వెళతారన్న ఆశతో చేసినది. అందుకే కేంద్రం బెంగాల్‌లో పునరావాసం కంటే తాత్కాలిక సహాయం మీద ఎక్కువ దృష్టి పెట్టింది. సియాల్దా రైల్వేస్టేషన్ ప్లాట్‌ఫారాలే కుటుంబాలకు నివాసాలయ్యాయి. ఖాళీ భూములను ఆక్రమించి శరణార్థులు తామే కాలనీలు కట్టుకున్నారు.

ఆగని ప్రవాహాన్ని ప్రభుత్వం తేదీలతో విడగొట్టింది. 1946 అక్టోబరు నుంచి 1958 మార్చి వరకు వచ్చినవారు పాత వలసదారులు. 1964 జనవరి నుంచి 1971 మార్చి వరకు వచ్చినవారు కొత్త వలసదారులు. 1958 ఏప్రిల్ నుంచి 1963 డిసెంబరు వరకు వచ్చినవారు ఈ రెండింటి మధ్య పడ్డారు. వారికి సహాయ పునరావాసాలకు అర్హత లేదన్నారు. 1958 మార్చిలో వచ్చిన అన్నకు పునరావాసానికి అర్హత ఉండి, మరుసటి నెలలో వచ్చిన తమ్ముడికి లేకుండా పోయే పరిస్థితి ఇది. వదిలివచ్చిన ఊరు ఒకటే, వదిలిరావడానికి కారణమూ ఒకటే.

పశ్చిమ బెంగాల్ బయట పునరావాసం కోసం 1958లో దండకారణ్య అభివృద్ధి సంస్థ ఏర్పడింది. నదీ తీరాల వరి రైతులను అప్పటి మధ్యప్రదేశ్‌లోని బస్తర్‌కు, ఒడిశాలోని కోరాపుట్‌కు తరలించారు. మనకు సమీపంలోని మల్కన్‌గిరిలో నేడు కనిపించే బెంగాలీ గ్రామాలు ఆ కాలానివే. తెలంగాణలో కాగజ్‌నగర్ ప్రాంతంలోనూ తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాల కాలనీలున్నాయి.

9.8 1951 జనగణన: అంకె ఏం చెబుతుంది?

1951 జనగణన నిర్వాసితులను ప్రత్యేకంగా లెక్కించింది. పశ్చిమ పాకిస్తాన్‌లోని ఇంటిని 1947 మార్చి 1న గానీ ఆ తరువాత గానీ, తూర్పు పాకిస్తాన్‌లోని ఇంటిని 1946 అక్టోబరు 15న గానీ ఆ తరువాత గానీ, అల్లర్ల వల్ల లేదా అల్లర్ల భయం వల్ల లేదా రెండు దేశాలు ఏర్పడినందువల్ల విడిచి భారతదేశంలోకి వచ్చిన వ్యక్తి నిర్వాసితుడు అని నిర్వచించింది. ఒకటి రావల్పిండి హింసకు, రెండోది నౌఖాలీకి సంబంధించిన తేదీ అని మీరు గుర్తించే ఉంటారు. భయం కూడా కారణమేనని ఈ నిర్వచనం ఒప్పుకోవడం గమనించదగ్గది.

ఈ లెక్క ప్రకారం భారతదేశంలో నిర్వాసితులు సుమారు 72.95 లక్షలు. వారిలో సుమారు 47 లక్షల మంది పశ్చిమం నుంచి, 25 లక్షల మందికి పైగా తూర్పు నుంచి వచ్చారు. అదే సంవత్సరం పాకిస్తాన్ జనగణనలో ముహాజిర్లు సుమారు 72.26 లక్షలు. వారిలో 65 లక్షల మంది పశ్చిమ పాకిస్తాన్‌లో, 7 లక్షల మంది తూర్పు పాకిస్తాన్‌లో ఉన్నారు. రెండు దేశాల లెక్కనూ కలిపితే 1.45 కోట్లు వస్తుంది. పుస్తకాల్లో కనిపించే 'కోటిన్నర' చాలావరకు ఇక్కడినుంచి వచ్చినదే.

కానీ ఇది 1951లో బతికి ఉండి, లెక్కకు దొరికినవారి సంఖ్య. ఇల్లు వదిలి దారిలో చనిపోయినవారు ఇందులో లేరు. ఢిల్లీలో ఒక పేట నుంచి మరో పేటకు పారిపోయినవారు దేశం దాటలేదు కాబట్టి లేరు. భరద్వాజ్, ఖ్వాజా, మియాన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 1931, 1951 జనగణనలను ఆధారం చేసుకుని 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారి అంచనా ప్రకారం వెళ్లినవారు 1.79 కోట్లు, చేరినవారు 1.45 కోట్లు. ఈ రెండింటికీ మధ్య తేడా 34 లక్షలు. ఆ 34 లక్షల మందీ చనిపోయారని దీని అర్థం కాదు. మరణించినవారు, వేరే చోట్లకు వెళ్లినవారు, లెక్కల్లో తప్పిపోయినవారు అందులో కలిసి ఉన్నారు. మృతుల సంఖ్యపై చరిత్రకారుల అంచనాలు 2 లక్షల నుంచి 20 లక్షల వరకు ఉండటానికి కారణం ఇదే. బయలుదేరేటప్పుడు ఎవరూ లెక్కించలేదు.

9.9 నేటి పద్ధతులు

నేడు సొంత దేశంలోనే నిర్వాసితులైనవారికి సంబంధించి 1998 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలున్నాయి. అంతర్జాతీయ వలసల సంస్థ 2004లో ఇరాక్‌లో మొదలుపెట్టిన నిర్వాసితుల కదలికల నమోదు పద్ధతి తరువాత అనేక దేశాలకు విస్తరించింది. ఊరి పెద్దలు, స్థానిక అధికారులు వంటి సమాచారదారులను క్రమం తప్పకుండా అడగడం, రాకపోకల దారుల్లో ప్రవాహాన్ని గమనించడం, కుటుంబాలను నమోదు చేయడం, అవసరాలపై సర్వే జరపడం ఇందులోని అంశాలు. 1947లో వంతెన దగ్గర, శిబిరంలో, గ్రామ సమావేశంలో వేరువేరుగా జరిగిన పనిని ఇక్కడ ఒకచోట చేర్చారు. పేర్ల జాబితా శత్రువర్గం చేతికి చిక్కితే ప్రాణాపాయమన్న జాగ్రత్త కూడా నేటి పద్ధతిలో భాగం.

పాత సమస్యలు మాత్రం పోలేదు. మనకు దగ్గరి ఉదాహరణ చూడండి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలయ్యాక, దానికీ మావోయిస్టులకూ మధ్య నలిగిన ఆదివాసీ కుటుంబాలు నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చాయి. వీరినే ఇక్కడ గుత్తికోయలంటారు. దేశ సరిహద్దు దాటలేదు కాబట్టి వీరు శరణార్థులు కారు. రాష్ట్రం దాటారు కాబట్టి సొంత రాష్ట్రంలోని శిబిరాల చిట్టాలోనూ లేరు. ఒక రాష్ట్రంలోని షెడ్యూల్డ్ తెగ గుర్తింపు మరో రాష్ట్రానికి దానంతటదే బదిలీ కాదు. 1958–63 మధ్య వచ్చిన బెంగాలీ కుటుంబాన్ని తేదీ ఎలా బయట ఉంచిందో, వీరిని రాష్ట్ర సరిహద్దు అలాగే బయట ఉంచింది.

9.10 సారాంశం

విభజన కాలపు నిర్వాసితుల గురించి మనకున్నది ఒకే లెక్క కాదు. సైన్యం దారిలో లెక్కించింది రక్షణ కోసం. శిబిరం లెక్కించింది రేషన్ కోసం. జలంధర్ కార్యాలయం లెక్కించింది భూమి పంపకం కోసం. అపహృత స్త్రీల జాబితాలు అప్పగింత కోసం, పర్మిట్లు పౌరసత్వ నిర్ణయం కోసం తయారయ్యాయి. ప్రతి లెక్కా కొందరికి హక్కు ఇచ్చింది, కొందరిని వదిలేసింది. కూలీలు, దళితులు, సొంత నగరంలోనే నిర్వాసితులైన ముస్లింలు, మధ్యకాలంలో వచ్చిన బెంగాలీలు వదిలివేతకు గురైనవారిలో ఉన్నారు.

నిర్వాసితుల గురించి ఏ అంకె చూసినా ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి: ఎక్కడ లెక్కించారు? ఎవరు లెక్కించారు? ఏ నిర్వచనంతో లెక్కించారు? దేనికోసం లెక్కించారు? ఎవరు బయట ఉండిపోయారు? పరీక్షలో అంకెతోపాటు అది ఏ లెక్క నుంచి వచ్చిందో రాస్తే మీ సమాధానానికి బలం చేకూరుతుంది.

9.11 కీలక పదాలు

ప్రవాహం: నిర్ణీత కాలంలో ఒక చోటును దాటిన జనసంఖ్య.
నిల్వ: ఒక నిర్ణీత రోజున ఒక చోట ఉన్న జనసంఖ్య.
దావా: పోగొట్టుకున్న ఆస్తికి బదులు కోరుతూ వేసే దరఖాస్తు.
ముహాజిర్: భారతదేశం నుంచి పాకిస్తాన్‌కు వెళ్లిన నిర్వాసితులకు అక్కడ వాడిన పదం.
పర్మిట్ పద్ధతి: 1948లో పశ్చిమ పాకిస్తాన్ నుంచి రాకపై విధించిన అనుమతి నియమం.

9.12 ప్రగతి పరీక్ష ప్రశ్నలకు సమాధానాలు

1. 1947 ఆగస్టు 17న వెలువడింది. అప్పటికే జనం కదలడం మొదలైనందువల్ల, తాము దాటవలసిన సరిహద్దు తెలియకుండానే చాలామంది బయలుదేరారు.
2. కాపలా లేని దారుల్లో దాటినవారు లెక్కకు రారు. బయలుదేరినవారికీ చేరినవారికీ మధ్య తేడా తెలియదు.
3. విస్తీర్ణాన్ని కాక దిగుబడిని ఆధారం చేసుకుని భూమి విలువను లెక్కించే కొలత. నీటి వసతి లేని నాలుగు ఎకరాలు ఒక ప్రామాణిక ఎకరానికి సమానం కావచ్చు.
4. దావాకు సొంత భూమి ఉండాలి. 1900 నాటి చట్టం వల్ల దళితులకు భూమి కొనే అవకాశం చాలా తక్కువగా ఉండేది.

9.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. 1947లో పంజాబ్‌లో నిర్వాసితుల కదలికలను, వాటి నమోదు పద్ధతులను వివరించండి.
2. పంజాబ్, బెంగాల్ నిర్వాసితుల అనుభవాలను పోల్చి, ప్రభుత్వ విధానంలోని తేడాలను విశ్లేషించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 15 వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. అపహృత స్త్రీల స్వాధీనం చట్టాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. 1951 జనగణనలో నిర్వాసితుల నిర్వచనాన్ని, దాని పరిమితులను చర్చించండి.
3. మీ ప్రాంతానికి వేరే చోటు నుంచి నిర్వాసితులై వచ్చి స్థిరపడినవారు ఉంటే, వారిని ఏ పేరుతో పిలుస్తారో, ఏ ప్రభుత్వ రికార్డుల్లో వారి పేర్లు ఉన్నాయో తెలుసుకుని రాయండి.